కనిపెట్టుకుని ఉన్న గింజ

పాకం పొయ్యి మీద ఉండగా మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ పలకరించకూడదు. అది మా ఆవిడ శాసనం. నిన్న సాయంత్రం క్రిస్మస్ అరిసెలకని బెల్లం కరగబెట్టింది. పక్కన గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుంది. గరిటెతో ఒక చుక్క తీసి నీళ్లలో వేస్తుంది, వేలితో దగ్గరికి తీస్తుంది, "ఇంకా రాలేదు" అంటుంది. మళ్లీ చుక్క, మళ్లీ "ఇంకా రాలేదు". తడిపిండి జల్లించి సిద్ధంగా ఉంది. నూనె సిద్ధంగా ఉంది. మనవడు బుజ్జిగాడు అందరికంటే సిద్ధంగా ఉన్నాడు.

"ఇంకా ఎంతసేపు నాయనమ్మా?" అన్నాడు, శాసనం సంగతి మరిచిపోయి.

"నీకు అరగంటకే ప్రాణం పోతోంది. నేను పందొమ్మిది నెలల్నుంచీ చూస్తున్నా," అంది గుమ్మంలో కూర్చుని ఫోను నొక్కుతున్న వాళ్లక్క అమ్మలు.

మా అమ్మలు ఉద్యోగ పరీక్ష రాసింది. బాగానే రాసింది. ఫలితాలు ఇవాళ, రేపు, పండగ తరవాత అంటున్నారు. ఏ పండగో మాత్రం చెప్పరు. ఈలోగా వచ్చిన సంబంధం ఒకటి "ఉద్యోగం సంగతి తేలాక చూద్దాం" అని కాఫీ తాగి వెళ్లిపోయింది. మొన్న ఆదివారం చర్చిలో ఆగమన కాలం తొలి కొవ్వొత్తి వెలిగించారు. అయ్యగారు దేవుని కొరకు కనిపెట్టడం గురించి ముప్పావు గంట ప్రసంగం చేశారు. ఇంటికొచ్చాక ఈ పిల్ల అన్నం కలుపుతూ, "కనిపెట్టి కనిపెట్టి నేనే బండరాయి అయిపోయాను తాతయ్యా. ఈ పందొమ్మిది నెలలూ నా జీవితంలో లెక్కలోకి రానట్టేనా?" అంది.

ముద్ద గొంతులో అడ్డం పడింది. వాక్యం చెప్పి ఓదార్చడానికి నేను పాస్టర్ని కాను, సైన్సు మాస్టర్ని. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సుద్దముక్క అరగదీసినవాణ్ణి. నాకు తెలిసిన దారిలోనే జవాబు వెతుక్కోవాలి. ఆ రోజు చెప్పలేకపోయింది నిన్న పాకం పుణ్యమా అని నోట్లోకి వచ్చింది.

ముందు "కనిపెట్టడం" అన్న ఆ మాట సంగతి చూడండి. బళ్లో నేను "ఐన్‌స్టీన్ కనిపెట్టాడు, రామన్ కనిపెట్టాడు" అని చెబుతూ బతికాను. అదే నోటితో ఆదివారం "కనిపెట్టుకుని ఉండాలి" అని బైబిలు చదివాను. రెండూ ఒకటే మాటని రిటైరయ్యేదాకా నాకు తట్టలేదు! మన ఇళ్లలో ఇంకో వాడుక ఉంది. "పొయ్యి మీద పాలు కనిపెట్టి చూడు," "చంటాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటాం. అంటే ఏమిటి? చేతులు ముడుచుకుని కూర్చోమనా? కాదు, కన్ను పెట్టి ఉండమని. మన బైబిలు అనువాదకులు వేరే మాట వాడి ఉండొచ్చు. "ఎదురుచూడు" ఉంది, "వేచి ఉండు" ఉంది. వాళ్లు చాలాచోట్ల పాల కుండ దగ్గర కూర్చున్న తల్లి మాట వాడారు. నాకది గొప్ప ఎంపికనిపిస్తుంది.

ఇప్పుడు నా సైన్సులో అలా కనిపెట్టుకుని ఉండే గింజ దగ్గరికి వద్దాం.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గుర్తుందిగా? కోసిన వరి పనల మీదుంది, కోయనిది నేలకొరిగింది. నీళ్లు దిగాక చేలోకెళ్లి చూస్తే వెన్నుల మీదే మొలకలు! తెల్లగా, సూదుల్లా. గింజ తల్లిని వదలక ముందే లేచి కూర్చుంది. బుజ్జిగాడు అప్పుడింకా చిన్నవాడు. "తాతా, వడ్లకి వేళ్లు వచ్చాయి" అని సంబరపడ్డాడు. రైతు సంబరపడలేదు. మొలిచిన గింజ బియ్యానికి పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. మామూలు రోజుల్లోనే కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందంటే గొడవ. ఇక మొలకెత్తిన ధాన్యం సంగతి చెప్పక్కర్లేదు.

అదే వానకి పక్క చేలో ఇంకో రకం వరి తడిసింది, మొలవలేదు. రెండింటికీ నీళ్లు ఒకటే, బురద ఒకటే. ఎందుకీ తేడా?

విత్తనానికి నిద్రావస్థ అని ఒకటుంటుంది. గింజ తల్లి మొక్క మీద పాలు పోసుకునే రోజుల్లోనే అందులోకి ఆబ్సిసిక్ ఆమ్లమనే పదార్థం చేరుతుంది. పేరు చూసి బెదరకండి, దాని పని ఒక్కటే, "ఆగు" అనడం. దానికి ఎదురుగా జిబ్బరెలిన్ అని ఇంకొకటుంది, అది "లే" అంటుంది. గింజ లోపల ఈ రెండింటికీ ఎప్పుడూ తగువే. "ఆగు" బలంగా ఉన్న గింజ తుపానుకి తడిసినా లేవదు. "ఆగు" పలచబడ్డ గింజ చుక్క పడగానే లేస్తుంది. రెండు మూడు వారాలు నిద్ర ఉన్న వరి రకాల కోసం శాస్త్రవేత్తలు తంటాలు పడేది ఇందుకే. కోస్తాలో కోతలూ తుపాన్లూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వస్తాయి కదా.

నిద్ర మరీ ఎక్కువైనా చిక్కే. గోదావరి జిల్లాల్లో సార్వా కోసిన వెంటనే అదే గింజతో దాళ్వాకి నారు పోయాలంటే అది లేవదు. అప్పుడు కొద్దిగా నత్రికామ్లం కలిపిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి, కడిగి, మండె కడతారు. మా అమ్మలు ఇది విని "నాకూ ఆ ఆమ్లం ఏదో చూడు తాతయ్యా" అంది. నవ్వింది, అది చాలు నాకు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి చెప్పాలి. తడిసినా లేవని గింజను మనం మొద్దు నిద్ర అనుకుంటాం. కాదట. ఆ తడిసిన గింజ "ఆగు" అనే పదార్థాన్ని అప్పటికప్పుడు కొత్తగా తయారు చేసుకుంటూనే ఉంటుంది. ఉన్నది కరిగిపోతూ ఉంటుంది కాబట్టి మళ్లీ చేసుకోవాలి. ఆ తయారీ ఆగిందంటే మొలకెత్తేస్తుంది. అంటే ఆగి ఉండడానికి కూడా అది పనిచేస్తోంది, పైకి కనబడదంతే.

జిబ్బరెలిన్ ఎలా బయటపడిందో కూడా చెప్పేస్తాను, అదీ వరి కథే. జపాన్ రైతులకి ఒక తెగులుండేది. కొన్ని నారుమొక్కలు తోటివాటిని దాటి తాటిచెట్టులా సన్నగా, పాలిపోయి పెరిగేవి. చూడ్డానికి భలే దూకుడు. గింజ పట్టకముందే పడిపోయేవి. వాళ్లు దానికి "తెలివితక్కువ నారు" అని అర్థమొచ్చే పేరు పెట్టుకున్నారు. 1926లో కురోసావా అనే జపాన్ శాస్త్రవేత్త, ఇది ఒక బూజు వదిలే పదార్థం పనేనని చూపించాడు. ఆ పదార్థమే జిబ్బరెలిన్. తగిన పాళ్లలో ఉంటే గింజను లేపేదీ అదే, మితిమీరితే మొక్కని పడగొట్టేదీ అదే.

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ గిన్నెలో చుక్క ఉండ కట్టింది. "వచ్చింది" అని పిండి పోసి తిప్పడం మొదలుపెట్టింది. శాసనం ఎత్తేసినట్టే. బుజ్జిగాడికి ఇంకో వాయిదా పడింది, వేయించాలి కదా.

పాకం ఊసెత్తాం కాబట్టి దాన్నింకా వదలను. తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం అని వరసగా వస్తాయి. ముదురు పాకాన్ని పళ్లెంలో పోసి ఆరబెడితే? గాజులా బిగుసుకుంటుంది, పల్లీ అచ్చులో చూడండి. గడ్డకట్టినట్టే ఉంటుంది గానీ లోపల స్ఫటికాల వరస ఏమీ ఉండదు. కదలలేనంత చిక్కబడ్డ ద్రవమది. ఎండిన గింజ లోపల జరిగేదీ అచ్చంగా ఇలాంటిదే. నీళ్లు ఆరిపోతుంటే కణాల్లోని చక్కెరలు చిక్కబడి గాజులా బిగుసుకుంటాయి. ఆ గాజులో ప్రోటీన్లు, పొరలు, వంశం రాసున్న దారాలు ఎక్కడివక్కడ చెదరకుండా నిలబడతాయి. ప్రాణం ఆగలేదు, బాగా నెమ్మదించింది. ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బలు తగులుతాయి, ఆ దారాలు అక్కడక్కడా తెగుతాయి కూడా. తడి తగలగానే గింజ ముందు చేసే పనుల్లో ఒకటి ఆ తెగినవాటిని అతుక్కోవడం. వేరు బయట పెట్టడం ఆ తరవాత. కష్టాల్లోంచి బయటపడ్డవాళ్లు వెంటనే ఎందుకు గంతులేయరని అడిగేవాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక వాన సంగతి. యాకోబు తన పత్రికలో ఓపిక గురించి చెబుతూ రైతుని చూపిస్తాడు, తొలకరి వాన, కడవరి వాన పడేదాకా పంట కోసం కనిపెట్టే రైతుని. తొలకరి అనగానే మనకి మృగశిర కార్తె, జూన్ నెల, దుక్కి వాసన గుర్తొస్తాయి. నేనూ చిన్నప్పుడు అలాగే ఊహించుకునేవాణ్ణి. యాకోబు దేశంలో లెక్క వేరు. అక్కడ వేసవంతా చినుకు పడదు. మే నుంచి సెప్టెంబరు దాకా నేల రాయిలా ఉంటుంది. తొలి వాన అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. అప్పుడు దున్ని బార్లీ, గోధుమ చల్లుతారు. చలికాలమంతా పైరు ఎదుగుతుంది. గింజ నిండే మార్చి, ఏప్రిల్‌లో పడేది కడవరి వాన. దున్నడానికొకటి, గింజ నిండడానికొకటి. మధ్యలో ఆ రైతు ఊరికే కూర్చోడు కదా! దున్నుతాడు, కలుపు తీస్తాడు, పక్షుల్ని తోలుతాడు. ఒక్క వాన కురిపించడమే అతని చేతిలో లేనిది. యాకోబు ఓపిక అన్నది ఆ ఒక్క పని గురించే.

తొలి చినుకు ప్రతిదీ తొలకరి కాదు. ఇది మన రైతుకీ తెలుసు. మేలో ఒక జల్లు పడగానే ఆశపడి విత్తనం వేసి, తరవాత నెల్లాళ్లు ఆకాశం వైపు చూసినవాళ్లు ఎందరో. ఎడారి గింజలు మాత్రం మనకన్నా తెలివైనవి. ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా ఎడారి మన్ను తెచ్చి ప్రయోగాలు చేశాడు. మొలకలు రావాలంటే కనీసం అర అంగుళం వాన కావాలి. పోనీ అని అదే నీటిని కింది నుంచి మట్టికి ఎక్కిస్తే మొలవలేదు. పైనుంచి వానలా కురవాల్సిందే. కారణం గింజ పొర మీదున్న "ఆగు" పదార్థాలు. అవి నీళ్లతో కడుక్కుపోవాలి. చిన్న జల్లుకి కడుక్కుపోవు, తడి మాత్రం అవుతాయి. ఒక మొక్క పెరిగి పూసి కాయడానికి సరిపడేంత నీళ్లు నేలలో చేరితే గానీ అవి పూర్తిగా పోవు. అంటే ప్రతి గింజ మీదా ఒక వానమాపకం బిగించి ఉంది! కనిపెట్టుకుని ఉండటమంటే నాకు ఇప్పుడు ఈ గింజే గుర్తొస్తుంది. కాఫీ తాగి వెళ్లిపోయిన సంబంధం చిన్న జల్లే అనుకోమన్నాను అమ్మలుతో. మూతి ముడిచింది గానీ కాదనలేదు.

అన్ని గింజలకీ ఈ ఓపిక ఉండదు, అదీ చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మామిడి టెంకను ఎండబెట్టి దాచండి చూద్దాం, చచ్చిపోతుంది. పనస గింజా అంతే, పండులోంచి తీసిన కొద్ది రోజుల్లో నేలలో పడాలి. కాకినాడ దగ్గర కోరింగ అడవిలో కొన్ని రకాల మడ చెట్లయితే ఆ కొద్ది రోజులు కూడా ఆగవు. కాయ చెట్టుకు వేలాడుతుండగానే మొలకెత్తి, పొడుగ్గా సాగి, తరవాత బురదలోకి జారుతుంది. వరికి ఏది నాశనమైందో మడకి అదే బతుకు. ఆటుపోట్ల నేలలో గింజగా పడితే కొట్టుకుపోతుంది మరి. బైబిల్లోనూ అంతే. పేతురు, అంద్రెయ పిలుపు వినగానే వలలు వదిలేసి నడిచారు, అక్కడ కనిపెట్టడమేమీ లేదు. అందుకే ఎవరికి పడితే వాళ్లకి ఓపిక బోధించడం నాకు నచ్చదు. ముఖ్యంగా ఆకలితో ఉన్నవాడికి, కూలి రావాల్సినవాడికి. అదే యాకోబు ఓపిక మాటకి మూడు వచనాల ముందే, కోతవాళ్ల కూలి బిగబట్టిన ఆసాముల్ని చెడామడా తిట్టాడు. ఆ భాగం మీద ప్రసంగాలు తక్కువ వింటాం ఎందుకో!

ఇప్పుడొక ఈత గింజ కథ. ఖర్జూరమంటే మన ఈత చెట్టుకి దగ్గర చుట్టమే కదా.

మృత సముద్రం ఒడ్డున మసాదా అని ఒక కొండకోట ఉంది. క్రీ.శ. 73 ప్రాంతంలో రోమన్ల చేతికి చిక్కి పాడుబడింది. 1960లలో యిగాయెల్ యాదీన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వించినప్పుడు శిథిలాల కింద ఖర్జూరపు గింజలు దొరికాయి. యూదయ ఖర్జూరం ఒకప్పుడు పేరుమోసిన పంట, మధ్యయుగాల తరవాత ఆ రకమే అంతరించింది. దొరికిన గింజలు ఇంకో నలభై ఏళ్లు ఒక సొరుగులో పడున్నాయి. ఇది రెండో నిరీక్షణ. సారా సాలన్ అనే వైద్యురాలు పట్టుబట్టి కొన్ని గింజలు సంపాదించి, ఎలేన్ సొలోవే అనే మొక్కల శాస్త్రవేత్తకి ఇచ్చింది. ఆమె వాటిని వేడినీళ్లలో నానబెట్టి, పోషకాలు పట్టించి, 2005 జనవరిలో కుండీల్లో నాటింది. మూడింట్లో ఒకటి మొలిచింది! గింజ పెంకు ముక్కలకి కర్బన పరీక్ష చేస్తే వయసు సుమారు 2000 ఏళ్లని తేలింది. యేసు నడిచిన కాలానికి అటూ ఇటూ కాసిన పండన్నమాట. మొక్కకి మెతూషెల అని పేరు పెట్టారు, బైబిల్లో అందరికంటే ఎక్కువ కాలం బతికిన ముసలాయన పేరు.

మెతూషెల మగ చెట్టు, పుప్పొడే గానీ పండు లేదు. మళ్లీ నిరీక్షణ. మృత సముద్రం దగ్గరి ఎడారి గుహల్లో, పాత స్థలాల్లో దొరికిన పాత గింజలు ఇంకా కొన్ని నాటారు. ఆరు మొలిచాయి. అందులో ఒక ఆడ చెట్టు పేరు హన్నా. మెతూషెల పుప్పొడి హన్నా పూలకి అద్దారు. 2020లో ఆ గెల దించి లెక్కపెడితే 111 పళ్లు.

ఆ పేరు పెట్టినవాళ్లకి నేను దండం పెడతాను. హన్నా ఎవరు? పిల్లల్లేక ఏళ్ల తరబడి సవతి దెప్పుళ్లు పడ్డ ఇల్లాలు. షిలోహులో మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడ్చి ప్రార్థన చేస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు! సమూయేలు పుట్టాడు, ఆ కథ అందరికీ తెలుసు. నేను చాలా ఏళ్లు గమనించని సంగతి ఒకటుంది అందులో. ఆమె మొహం ఎప్పుడు తేటపడింది? బిడ్డ పుట్టాక కాదు, నెల తప్పాక కూడా కాదు. మందిరంలోంచి లేచి, వెళ్లి, అన్నం తిన్నప్పుడు. అప్పటికి ఏమీ మారలేదు. ఇంటికెళ్తే అదే సవతి, అవే దెప్పుళ్లు. అయినా తింది, ఆ తరవాత ఆమె మొహంలో దిగులు లేదని రాశారు. ఏమీ మొలవని రోజున ఆమెలో జరిగిన పని అది.

కొత్త నిబంధనలో ఇదే పేరుతో ఇంకో ఆవిడుంది. మన బైబిల్లో అన్న అని రాశారు గానీ హన్నా, అన్న ఒకటే పేరు. పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయిన మనిషి. దేవాలయం వదలకుండా ఉపవాసాలతో, ప్రార్థనలతో సేవ చేస్తూ 84 ఏళ్లు వచ్చాక, పసివాడైన యేసుని చూసింది. చూసి ఊరుకోలేదు, తనలాగే కనిపెట్టుకుని ఉన్నవాళ్లందరికీ చెప్పింది. వాళ్లెవరో ఆమెకి ముందే తెలుసన్నమాట. నిరీక్షించేవాళ్లకి నిరీక్షించేవాళ్లు తెలుస్తారు. నిజం చెప్పాలంటే పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ల దగ్గర టీ కొట్లలో కూడా అంతే.

మా ఇంట్లో రెండు సంఘాలు. మా వైపు గుంటూరు లూథరన్లు, మా ఆవిడ వైపు ఒంగోలు బాప్టిస్టులు. "మీ లూథరన్లకి కొవ్వొత్తులే తెలుసు. మా కొండ కథ చెప్పు పిల్లకి" అంది ఆవిడ, మొదటి వాయి అరిసెలు నూనె వత్తుతూ. చెప్పక తప్పింది కాదు.

1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ మన దేశంలో దిగాడు. నాలుగేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1849లో లైమన్ జువెట్ వచ్చి కలిశాడు. పదిహేనేళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే విశ్వాసులు. అమెరికాలో వాళ్ల పెద్దలకి విసుగొచ్చింది. డబ్బు దండగ, మూసేద్దామా అని 1853లో చర్చ జరిగింది. గోడ మీద పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట మీద ఒకాయన రాత్రికి రాత్రి పద్యం కట్టి మర్నాడు చదివాడు, మిషన్ మూతపడలేదు. పద్యంతో నిలబడ్డ మిషన్ బహుశా ఇదొక్కటే.

1854 జనవరి 1, తెల్లవారుజాము. జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం అయిదుగురు, ఒంగోలులో ఊరి పక్క కొండెక్కి ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఆ పన్నెండేళ్లలో ఏం జరిగిందో చూడండి. రావాల్సినవాడి పేరు జాన్ క్లౌ. డే మన దేశంలో దిగిన 1836లోనే అమెరికాలో పుట్టాడు. కొండ మీద ప్రార్థన జరిగేనాటికి పదిహేడేళ్ల కుర్రాడు. భక్తి మీద పెద్ద పట్టింపు లేదు. ఆ వయసులో మిన్నెసోటా వైపు సర్వే బృందాల్లో చేరి నేల కొలవడం నేర్చుకున్నాడు. ఇక్కడ జువెట్ తెలుగు మీద పట్టు సాధించి, కొత్త నిబంధన తెలుగు చేసే పనిలో పడ్డాడు. ఇటు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, మనసు నిలవక యోగం నేర్పే గురువుల వెంట తిరుగుతున్నాడు. మొదట్లో ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1866లో పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు, అదే ఏడు క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. చరిత్ర రాసేవాళ్లు దొర పేరు పెద్దక్షరాల్లో రాస్తారు. పేరయ్య తన వాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పి ఉండకపోతే క్లౌ ఎన్నాళ్లున్నా ఆ కొండని చూస్తూ కూర్చునేవాడని నా లెక్క.

ఆ తరవాత 1876లో కరువు వచ్చింది. రెండేళ్లు. చచ్చిపోతున్న జనానికి క్లౌ ప్రసంగం చెప్పలేదు, పని చూపించాడు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకి తీసుకుని వేల మందికి కూలి ఇచ్చాడు. కుర్రతనంలో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. ఆ కరువులో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. క్లౌ ఇవ్వనన్నాడు! గింజల కోసం వచ్చారేమోనన్న అనుమానం ఒక్కరి మీద కూడా ఉండకూడదన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. పన్నెండేళ్ల ప్రార్థనకి జవాబుగా వచ్చినవాడు, జనమే వచ్చి తలుపు తడుతుంటే ఆగమన్నాడు. ఇది చిన్న జల్లా, నేల నిండే వానా అని చూశాడు, ఆ ఎడారి గింజలాగా.

కరువు తీరి, పంచాల్సిన డబ్బూ ధాన్యమూ అయిపోయాయని అందరికీ తెలిశాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని పొద్దుటా సాయంత్రమూ ఇచ్చారట. మా ఆవిడ ముత్తవ్వ ఆ నీళ్లలో దిగిందని వాళ్లింట్లో చెప్పుకుంటారు. రుజువడిగితే అరిసె పెట్టరు కాబట్టి నేను అడగలేదు.

అమ్మలు అంతా విని, "అయితే ఈ నెలల్లో నేను ఏం చేసినట్టు తాతయ్యా?" అంది. నాకు తెలిసినవి చెప్పాను. వీధిలో నలుగురు పిల్లలకి లెక్కలు చెబుతున్నావు. నాయనమ్మ కంటి ఆపరేషనప్పుడు నెల్లాళ్లు పక్కనే ఉన్నావు. రాత్రిళ్లు నువ్వు చేసే ప్రార్థన మొదట్లో ఒకటే మాట, "ఉద్యోగం". ఈ మధ్య అందులో వేరేవాళ్ల పేర్లు వినబడుతున్నాయి. గోడ పల్చన, ఏం చేయను, వినబడుతుంది. ఫలితాలు ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. వచ్చినా నీ నంబరు ఉంటుందో లేదో తెలియదు. మసాదా గింజలు మూడు నాటితే ఒక్కటే కదా మొలిచింది. అమ్మలు కళ్లు తుడుచుకుని, "ఇలాగేనా ధైర్యం చెప్పడం?" అంది. సైన్సు మాస్టర్ని కదమ్మా, లెక్క దాచి చెప్పడం చేతకాదు.

అరిసెలు ఆరాక డబ్బాలోకి ఎత్తేశారు. క్రిస్మస్ ముందు రోజు దాకా మూత తీయకూడదట, ఇంకో శాసనం. బుజ్జిగాడు దాని పక్కనే మంచం వేసుకున్నాడు.

ఒంగోలులో ఆ కొండ ఇప్పటికీ ఉంది, ప్రార్థన కొండ అంటే ఎవరైనా దారి చూపిస్తారు. కొత్త సంవత్సరం నాడు మీరు ఆ చుట్టుపక్కల ఉంటే చీకటుండగానే ఎక్కండి. మేమూ వస్తున్నాం. డిసెంబరు, జనవరుల్లో అక్కడ మంచు బాగా పడుతుంది, తలకి మఫ్లరు మర్చిపోకండి.